ఇత్తడి స్క్రూ బిగించని కారు

పక్కంగడాయన పోయాడని నాకు బాగేపల్లిలో తెలిసింది. మా చెల్లెలి కూతురికి సీమంతం. గాజులు తొడగడానికి నా వంతు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. చింతామణిలో మా అంగళ్ళకు ఎదురుగా టీ అమ్మే ఆమె. "అమ్మా, మీ పక్కంగడాయన కార్లో కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు," అంది. అయ్యో అనాలి కదా, మనిషన్నవాళ్ళెవరైనా. నేను అనలేదు. "పొగ వచ్చిందా?" అని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. "పొగేందమ్మా? గుండె నిలిచిపోయిందంటాండారు," అంది. చేతిలోని గాజులు పళ్ళెంలో పెట్టేసి నేను బస్టాండుకు బయలుదేరాను.

చావు కబురు వినగానే పొగ గురించి అడిగిన ఆడమనిషిని మీరు ఏమనుకుంటారో ఊహించగలను. ఆ ప్రశ్న కొన్నేళ్ళుగా నా గొంతులో సిద్ధంగా కూర్చుని ఉంది. ఏదో ఒకరోజు అడగాల్సి వస్తుందని నాకు తెలుసు. ఎందుకో చెప్పాలంటే ఆయన గురించి మొదటి నుంచీ చెప్పాలి.

ఆయన నాకు చుట్టం కాదు. మా రెండంగళ్ళకూ మధ్య ఒకటే గోడ. నేను కార్లకు సీటు కవర్లు కుడతాను. ఆయన కార్లలో పాటల సామాను బిగించేవాడు. స్పీకర్లు, డిక్కీలో పెట్టే పెద్ద బేస్ స్పీకరు, దాన్ని నడిపే ఆంప్లిఫయరు. మా దగ్గర అంత పొడుగు మాట ఎవరూ అనరు, ఆంప్లి అంటారు. బేస్ స్పీకరుకు ఆయన చెక్కపెట్టె చేస్తే, దాని మీద కార్పెట్టు గుడ్డ అంటించేది నేను. ఆయన భార్యను వదినా అని పిలవడం అలవాటైంది కాబట్టి ఆయన నాకు అన్న అయ్యాడు.

ఆయన దేవుడేమీ కాదు, ముందే చెప్పేస్తున్నాను. నోరు తెరిస్తే సొంత డబ్బా. ఎవరో సినిమా హీరో కారుకు ఆంప్లి బిగించానని రోజుకొక కథ చెప్పేవాడు, రోజుకొక హీరో మారేవాడు. తలకు కొబ్బరినూనె కారేటట్టు రాసుకుని, నేను కొత్తగా కుట్టిన సీటుకు తల ఆనించి మరక చేసేవాడు. ఎన్నిసార్లు అరిచానో లెక్క లేదు. "మరక కాదమ్మా, సంతకం" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా ఒళ్ళు మండేది.

కానీ పని దగ్గర మాత్రం ఆ మనిషి వేరు. టమాటాకు రేటు వచ్చిన సీజనులో చుట్టుపక్కల పల్లెల నుంచి పాత కార్లు వేసుకుని వచ్చేవాళ్ళు. అందరికీ ఒకటే కోరిక. చేతిలో ఉన్నది కొంచెం, కారులో మాత్రం ఉరుము ఉరమాలి. ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆంప్లి ఒకటి, దానికి సంబంధం లేని రెండు పెద్ద స్పీకర్లు సంచిలో వేసుకుని వచ్చేవాళ్ళు. ఆంప్లి పెట్టె మీద వేల వాట్లని పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉండేది. అన్న ఆ రాతను చూసేవాడే కాదు. ఆంప్లిని బోర్లించి, దాని ఫ్యూజు పీకి, వెలుతురులో పట్టుకుని చూపించేవాడు. పెట్టె మీద ఉన్నది అచ్చేసినవాడి ఇష్టమనీ, ఫ్యూజు మీద ఉన్నదే దాని తాహతనీ చెప్పేవాడు. ఫ్యూజు ఎంత కరెంటు ఆపగలదో అంతకు మించి ఆ ఆంప్లి ఏం మింగుతుంది, ఏం కక్కుతుంది అని అడిగేవాడు. కొన్నవాడి మొహం వాడిపోయేది.

ఆ తర్వాత జత కుదిర్చే పని. ఈ ఆంప్లికి రెండు వద్దు, ఒకటే పెట్టుకో, అది బాగా పలికేటట్టు చేస్తాను అనేవాడు. ఇద్దరికి వండిన అన్నం నలుగురికి వడ్డిస్తే ఎవరికీ కడుపు నిండదు కదా అని సముదాయించేవాడు. రెండు స్పీకర్ల తీగలూ కలిపి ఒకే చోట కట్టేయమని కొందరు పట్టుబట్టేవాళ్ళు, అలా కడితే మోత పెరుగుతుందని ఎవరో చెప్పి ఉంటారు. మోత పెరుగుతుంది నిజమే, ఆంప్లి మీద బరువు కూడా అంతకంత పెరుగుతుంది, అది ఉడికి చస్తుంది అనేవాడు. చాలామంది అనుకునేది చిన్న ఆంప్లి పెడితే స్పీకరుకు హాయి అని. ఆయన లెక్క వేరు. చిన్నదాన్ని గొంతు చించుకునేదాకా అరిపిస్తే, ఆ చిరిగిన గొంతుకే స్పీకరు లోపలి కాయిలు కాలిపోతుందట.

ఇంత మాట్లాడే మనిషి తీగల దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకునేవాడు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా కార్పెట్టు కింద నడిచే లావు తీగ ఉంటుంది. దాన్ని బ్లేడుతో గీకి, లోపల రాగి ఉందా, పైన రాగిపూత పూసిన అల్యూమినియమా అని చూసేవాడు. బ్యాటరీకి మూరెడు దూరంలోపే ఒక ఫ్యూజు పెట్టేవాడు. ఆ తర్వాత ఆయన చేసే పని ఒకటుంది, అది ఇంకెవరూ చేయగా నేను చూడలేదు.

కన్నడ సీమలోని మా వైపు పట్టు తీసే షెడ్లు ఎక్కువ కదా. దారం తీయగా మిగిలిన పట్టు పీచు అక్కడ కుప్పలుగా పడి ఉంటుంది. ఆయన అది సంచి నిండా తెచ్చుకునేవాడు. తీగ వంపు తిరిగే ప్రతిచోటా, కార్పెట్టు కింద దూరే ప్రతిచోటా చిటికెడు పట్టు పీచు చుట్టేవాడు. ఎందుకన్నా ఈ పిచ్చి అని ఒకసారి అడిగాను. దూది ఉండ ఒకటి, పట్టు పీచు ఒకటి నేల మీద పెట్టి రెండింటికీ అగ్గిపుల్ల గీశాడు. దూది భగ్గున మండి బూడిదైంది. పట్టు ముడుచుకుపోయి, నల్లటి పూసలా గడ్డకట్టి, ఆరిపోయింది. వెంట్రుకలు కాలిన కంపు అంగడంతా నిండింది. "చూస్తివా? ఇది మంట ఎత్తుకోదు. కానీ కాలేముందు కేక వేస్తాది. ఆ కేక ముక్కుకు ఇనపడాల," అన్నాడు.

ఫ్యూజు పెట్టాక ఈ పీచు ఎందుకని కూడా అడిగాను. ఫ్యూజు చూసేది ఎంత కరెంటు పోతోందనే. తీగ మధ్యలో ఎక్కడో సగం తెగి, మిగిలిన నాలుగు పోగుల మీద అదే కరెంటు నడిస్తే, ఆ చోటు మాత్రం పొయ్యిలా కాగుతుంది. ఫ్యూజుకు ఆ సంగతి తెలియదు. కార్పెట్టు అంటుకునేదాకా ఎవరికీ తెలియదు. ఇది చెబుతున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, రోడ్డు మీద పోయే కార్ల వైపు చూస్తున్నాడు.

పని ముగిశాక అద్దాలన్నీ ఎక్కించి, కారులో కూర్చుని, తమటె డప్పుల మోత పెట్టేవాడు. ఏదో ఊరి ఉత్సవంలో తన ఫోనులో తానే పట్టుకున్న మోత అది. గోడ ఇవతల నా మిషను మీద సూదులు గలగలలాడేవి. ఒక్కో మూలకూ వంగి వాసన చూసేవాడు, తీగ మీద అరచెయ్యి ఆనించేవాడు. అంతా బాగుంటే చివరికి చొక్కా జేబులోంచి ఒక ఇత్తడి స్క్రూ తీసి ఫ్యూజు గూటికి బిగించేవాడు. మిగతా స్క్రూలన్నీ ఇనపవి, అదొక్కటే ఇత్తడిది. ఆ స్క్రూ పడితేనే కారు బయటికి. "సౌండు తక్కువైతే తిరిగొచ్చి తిడతాడమ్మా. వాసన చూడకుండా పంపితే, తిట్టేదానికి కూడా తిరిగి రాడు," అనేవాడు.

ఆ ఇత్తడి దేనికో నాకు చాలాకాలం తెలియలేదు. జిల్లాలో ఎక్కడైనా కారు కాలిందని వింటే చాలు, ఆయన షటరు దించేసి బస్సెక్కేవాడు. చిక్కబళ్ళాపురం కానీ, బాగేపల్లి కానీ, కాలిన కారును పోలీసు స్టేషను ఆవరణలో పడేసి ఉంటే వెళ్ళి చూసి వచ్చేవాడు. చావు చూడ్డానికి పోయినట్టు పోతావేందన్నా అని తిట్టేదాన్ని. తిరిగి వచ్చాక తన అంగడికి పోకుండా నా గడప ముందు నిలబడేవాడు. "లేదమ్మా" అనేవాడు. ఆ తర్వాతే మంచినీళ్ళు తాగేవాడు.

మూడోసారో నాలుగోసారో విషయం బయటపెట్టాడు. రంగు పోతుంది, నంబరు పలక వంకర పోతుంది, టేపు బూడిదవుతుంది. ఇత్తడి మాత్రం ఆ మసిలో కూడా రుద్దితే పచ్చగా కనబడుతుంది. తాను పంపిన కారా కాదా అని వెతుక్కోవడానికి పెట్టుకున్న గుర్తు అది. "ఒక దినం కనబడితే?" అని అడిగాను. నీళ్ళ చెంబు కింద పెట్టి, "కనబడితే ఈ గడప తొక్కను," అన్నాడు. ఆ రోజు నుంచి కాలిన కారు కబురు వస్తే నేనూ కుట్టు ఆపేసి బస్టాండు వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

తర్వాత కరోనా వచ్చింది. రెండోసారి వచ్చిన ఎండాకాలంలో అన్న మంచం పట్టి లేచాడు. బక్కచిక్కాడు కానీ డబ్బా మాత్రం తగ్గలేదు. అంగడి తెరిచిన కొత్తలో ఒక పొద్దున నా తలలో పూలు చూసి, "ఏం పూలమ్మా, వీధంతా ఘుమఘుమ," అన్నాడు. నేను పెట్టుకున్నవి కనకాంబరాలు. కనకాంబరానికి వాసన ఎక్కడిది? ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుని ఊరుకున్నాను.

ఆ వారంలోనే ఒకరోజు గోడ ఇవతలికి గుప్పున కంపు కొట్టింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే బల్ల మీద ఒక ఆంప్లి పొగలు కక్కుతోంది. దానికి వీపు పెట్టి అన్న తాపీగా టీ తాగుతున్నాడు. తీగ పీకేసి, "ముక్కు తాకట్టు పెట్టినావా అన్నా?" అని అరిచాను. వెనక్కి తిరిగి పొగ చూశాడు. ఆయన ఆ పొగలో ముక్కు పెట్టి మళ్ళీ మళ్ళీ పీల్చడం చూశాక కనకాంబరాల సంగతి నాకు తట్టింది. జ్వరం పోతూ పోతూ ఆయన ముక్కును తీసుకుపోయింది. మల్లె లేదు, మసాలా లేదు, పట్టు పీచు వేసే కేక లేదు.

డాక్టరు దగ్గరికి పోయాడు, ఏవేవో పీల్చాడు, ఆవిరి పట్టాడు. రాలేదు. అంగడి మూసేయి అన్నాను. ఆయన చెక్కపొట్టు ఊడ్చుకుంటూ ఉండి, చివరికి, "నాకు వేరే ఏమొస్తాదమ్మా?" అన్నాడు. ఇంకొకటి కూడా అడిగాడు. వదినకు చెప్పొద్దన్నాడు. ఆమెకు తెలిస్తే ఆ రోజే తాళం వేయిస్తుందట.

అలా ఆయన ముక్కు నేనయ్యాను. కారు సిద్ధమైతే ఎడమవైపు ముందు సీటు మీద ఉతికిన గుడ్డ ఒకటి పరిచి, గోడ మీద రెండుసార్లు కొట్టేవాడు. నేను చేతిలో సూదీ దారం పట్టుకుని వెళ్ళి కూర్చునేదాన్ని. కారు సొంతదారు దృష్టిలో నేను సీటు కుట్టు సరిచూస్తున్నాను. అద్దాలు ఎక్కేవి, తమటె మోగేది, కడుపులో పేగులు అదిరేవి. నేను వాసన చూసేదాన్ని. ఆయన నా మొహం చూసేవాడు, పరీక్ష ఫలితాల బోర్డు చూసే పిల్లల్లాగా. నేను తల ఊపితే ఇత్తడి స్క్రూ బయటికి వచ్చేది.

నేను జలుబుతో ఉంటే కార్లు ఆగిపోయేవి. గమ్ము ఆరలేదనో, పెట్టె రంగు పచ్చిగా ఉందనో అడిగినవాళ్ళకు అబద్ధాలు చెప్పేవాడు. నాకు మాత్రం మిరియాల కషాయం చేయించి చెంబుతో తెచ్చేవాడు. "నా ముక్కు నీది కాదన్నా, తాగు తాగు అని చంపొద్దు," అని కసిరేదాన్ని. నవ్వేవాడే కానీ ఆ నవ్వు మునుపటిలా ఉండేది కాదు. రోజులు గడిచేకొద్దీ నాకు నిద్రలో కూడా వెంట్రుకలు కాలిన వాసన వచ్చేది. లేచి ఇల్లంతా తిరిగి చూసేదాన్ని, ఏమీ ఉండేది కాదు. నేను లేనిరోజు ఎవడైనా ఆయన్ను తొందరపెడితే ఏమవుతుందనేది ఒక్కటే నా భయం. మొహమాటం ఎక్కువ ఆయనకు. నలుగురిలో చిన్నబోవడం కన్నా చావడం మేలనుకునే రకం.

ఆ తొందరపెట్టేవాడు బట్లహళ్ళి నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, టమాటా రైతు, మంచివాడే. వాళ్ళ ఊరి ఉత్సవంలో పల్లకీ ముందు పాటలు పెట్టుకుని కారు నడిపిస్తానని ఊరందరికీ మాటిచ్చి వచ్చాడు. వెనక సీట్లో ఇంటి పిల్లలంతా కూర్చుంటారట. సాయంత్రం మొదలుపెడితే కారు నడకతో పాటు మెల్లగా సాగుతూ, గంటల తరబడి ఆంప్లి ఆగకుండా మోగాలి. ఎప్పటిలాగే సంచిలో రెండు పెద్ద స్పీకర్లు, తాహతు తక్కువ ఆంప్లి. అన్న బతిమాలి ఒక స్పీకరు పక్కన పెట్టించాడు. మిగిలినదానికి సరిపోయేటట్టు పెట్టె కొలతలు మార్చి చేశాడు. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు బ్యాటరీకి దమ్ము చాలదని, ఆంప్లి అరుపు కూడా తగ్గించి పెట్టాడు. పెట్టెకు నేనే గుడ్డ అంటించాను.

తీగ దగ్గర మాత్రం గొడవ వచ్చింది. ఖర్చు కలిసి వస్తుందని లావు తీగను అతను ముందే ఇంటి దగ్గర తనే పరుచుకుని వచ్చాడు. అది తీసి మళ్ళీ పరుస్తానని అన్న అన్నాడు. సీట్లు విప్పాలి, టైము లేదు, చేతిలో డబ్బూ లేదు అని అతను ఒప్పుకోలేదు. చెయ్యి దూరినంత మేర అన్న పట్టు పీచు కూరాడు, ముందు ఫ్యూజు గూడు పెట్టాడు. నాకు ఆ తీగ నచ్చలేదు. కానీ పొద్దున్నే బాగేపల్లి బస్సు ఎక్కాలి, సీమంతం తప్పదు. రేపు వస్తాను, నేను వచ్చేదాకా ఇవ్వొద్దు అని చెప్పి వెళ్ళాను.

మధ్యాహ్నం అన్న ఫోను చేశాడు. సీమంతం ఇంట్లో ఆడవాళ్ళ గోల మధ్య సరిగా వినబడలేదు.

"ఎప్పుడొస్తావమ్మా?"

"రేపు పొద్దునకు వస్తా అన్నా. ఏమైంది?"

"ఏం లేదులే. కారు ఉంటాది," అన్నాడు. అంతే, పెట్టేశాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు బట్లహళ్ళి రైతు చెప్పాడు. ఎప్పుడు చెప్పాడో కూడా చెబుతాను.

ఆ రాత్రి నేను చేరేసరికి అన్నను ఇంటి ముందు పడుకోబెట్టి ఉన్నారు. తలకు నూనె లేదు. ఆ పొడి జుట్టు చూశాక నాకు ఏడుపు ఆగలేదు. వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ముక్కు సంగతి నాకు తెలీదనుకుంటిరి గదా ఇద్దరూ," అంది. "మాడిన పాలు మంచి వాసన వస్తాండాయని తాగినాడమ్మా. గ్యాసు సిలిండరు ఇంటి బయటికి ఎందుకు పెట్టిచ్చినాననుకున్నావు? నాకు చెప్పలేక చస్తాండాడని, తెలీనట్టే ఉన్నా." కొంగు ముడి విప్పి నా చేతిలో ఏదో పెట్టింది. ఆయన చొక్కా జేబులో దొరికిందట. ఇత్తడి స్క్రూ.

అప్పుడు అర్థమైంది, ఆ కారు ఇంకా అక్కడే ఉందని.

మరుసటి రోజు మధ్యాహ్నం మగవాళ్ళు మట్టి చేసి తిరిగి వచ్చాక నేను అంగడి వైపు నడిచాను. కారు ముందు బట్లహళ్ళి రైతు నిలబడి ఉన్నాడు, చేతిలో రెండో తాళం. ఆ సాయంత్రమే వాళ్ళ ఉత్సవం. ఎవరినీ అడక్కుండా తీసుకుపోగలడు, ఆపేవాళ్ళు కూడా లేరు. అయినా నిలబడే ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"నిన్న ఆయప్పతో బాగా కొట్లాడినానమ్మా. కారు ఇయ్యి, ఇయ్యి అని. టీ తాగేవాళ్ళంతా చూస్తాండారు. అప్పుడు అందరి ముందరా చెప్పినాడు. 'నాకు వాసన తెలీదప్పా. కరోనా నుంచి లేదు. పక్కంగడి ఆయమ్మ వచ్చి కూర్చుని చెప్పాల. ఆయమ్మ సరే అనందాకా ఈ కారు కదల్దు' అన్నాడు. తాళం జేబులో ఏసుకుని, పోయి స్టీరింగు ముందర కూర్చున్నాడు. నేను కోపంతో టీ తాగేదానికి పోయినా. తిరిగి వచ్చేతలికి..." అతను స్టీరింగు వైపు చెయ్యి చూపించాడు.

నలుగురిలో చిన్నబోవడం కన్నా చావడం మేలనుకునే మనిషి, నడివీధిలో, అంగడి పేరు పోతుందని తెలిసీ, తన ముక్కు చచ్చిందని చెప్పుకున్నాడు. ఆ పిల్లలు కూర్చునే కారు కోసం చెప్పుకున్నాడు. ఇంతకాలం నేను భయపడింది ఏ గడియకో, ఆ గడియ వచ్చింది, ఆయన నిలబడ్డాడు. నాకు ఎంత గర్వమనిపించిందో అంత కోపమూ వచ్చింది. ఒక్క రోజు ఆగి ఉంటే ఆ మాట నా ఎదుట అని ఉండేవాడు.

కారు తలుపు తెరిచాను. ఎడమవైపు సీటు మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. బానెట్ ఎత్తి చూస్తే ఫ్యూజు గూట్లో ఇత్తడి స్క్రూ పడాల్సిన చోట ఖాళీ కన్నం ఉంది. నేను కూర్చున్నాను. రైతును స్టీరింగు ముందు కూర్చోమని, అద్దాలు ఎక్కించి, డాష్‌బోర్డు మీద ఉన్న అన్న పెన్‌డ్రైవు పెట్టమన్నాను. తమటె మోగింది. ఆయన కట్టిన జత ఎంత బాగా కుదిరిందంటే, ఆ చిన్న ఆంప్లి ఎక్కడా గొంతు చించుకోకుండా, నేల లోపలి నుంచి వచ్చినట్టు పలికింది. రైతు మొహం వెలిగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. నూనె వాసన, కొత్త గుడ్డ వాసన, గమ్ము. ఇంకేమీ లేదు. ఆయన ఊరికే భయపడ్డాడా అనుకున్నాను.

తమటె ఆపకుండా ఇంకొంతసేపు మోగనిచ్చాను, ఆయన చేసేంతసేపు. అప్పుడు వచ్చింది. ఎవరో దూరంగా దీపం దగ్గర తల వంచినప్పుడు ఒక వెంట్రుక అంటుకున్నంత సన్నగా.

"ఆపప్పా," అన్నాను. రైతు గట్టిగా పీల్చి, తనకేమీ రావడం లేదన్నాడు. నేను దిగి, మళ్ళీ బానెట్ ఎత్తించి, అన్న చేసేటట్టే ఫ్యూజు పీకి చేతిలో పట్టుకున్నాను. ఆ మోత ఉన్నట్టుండి ఆగిపోయేసరికి వీధంతా చెవిటిదైనట్టు అనిపించింది. మెకానిక్కును పిలిపించి సీట్లు విప్పించాము. నా సీటు కింద, సీటు ముందుకూ వెనక్కూ జరిగే ఇనప పట్టాకు తీగ అడ్డంగా ఇరుక్కుని ఉంది. సీటు జరిపిన ప్రతిసారీ కొన్ని పోగులు తెగాయి. మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. పైతొడుగు కరిగి కార్పెట్టుకు అంటుకుంది, దాని పక్కన అన్న కూరిన పట్టు పీచు నల్లటి పూసలా ముడుచుకుని ఉంది.

రైతు దాన్ని చాలాసేపు చూశాడు. పిల్లలు కూర్చునే వెనక సీటును చూశాడు. తర్వాత అన్న అంగడి మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం బట్లహళ్ళిలో పల్లకీ ముందు కారు పోలేదు. తమటె కొట్టేవాళ్ళు నడిచారని తర్వాత విన్నాను.

అన్న తిథి, కర్మలు అయిపోయాక అతను మంచి రాగి తీగ కొత్తగా పరిపించుకుని కారు తెచ్చాడు. నన్ను కూర్చోమన్నాడు. సీటు మీద గుడ్డ తనే పరిచాడు. నేను సూదీ దారం పట్టుకోకుండా వెళ్ళాను, ఇంక దాచేదేముంది. తమటె మోగినంతసేపూ మోగింది. ఏ వాసనా రాలేదు. వదిన ఇచ్చిన ఇత్తడి స్క్రూ ఆ ఖాళీ కన్నంలో నేనే బిగించాను. చెయ్యి అలవాటు లేక రెండుసార్లు జారింది.

అన్నకు కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఆయన దగ్గర నేర్చుకున్నది పెద్ద విద్యేమీ కాదు. తన వల్ల కానిదాన్ని కాదని ఒప్పుకోవడానికి ఆయనకు ఇన్నేళ్ళు పట్టింది, అయినా సమయానికి ఒప్పుకున్నాడు. మా గోడ ఇప్పుడు మూగగా ఉంది, మిషను మీద సూదులు కదలవు. కొత్త సీటుకు నూనె మరక పడదు. పడితే బాగుండునని ఒక్కోరోజు అనిపిస్తుంది.

కానీ ఆయన పంపిన కార్లు తిరుగుతూనే ఉన్నాయి. చింతామణి దారిలో, మంచేనహళ్ళి వైపు, ఆదివారాలు నంది కొండ దగ్గర, ఎక్కడ చూసినా ఏదో ఒక డిక్కీలోంచి ఆయన కుదిర్చిన బేసు వినబడుతుంది. తీగలు పాతబడుతుంటాయి, సీట్లు జరుగుతుంటాయి, కొన్నవాళ్ళు అమ్ముతుంటారు, కొత్తవాళ్ళు ఇంకో స్పీకరు తగిలించుకుంటారు. పట్టు పీచు వేసే కేక వినేవాళ్ళు ఆ కార్లలో ఉన్నారో లేదో నాకు తెలియదు. బేసు దగ్గరికి వచ్చి దాటిపోయేదాకా నేను కుట్టు ఆపేసి కూర్చుంటాను.

పోయిన వారం బాగేపల్లి దారిలో ఒక కారు కాలిందని టీ అమ్మే ఆమె చెప్పింది. మనుషులకేమైందో ఆమెకు తెలియదు. నేను మిషను మీది గుడ్డ అలాగే వదిలి, షటరు దించి, బస్సెక్కాను. స్టేషను ఆవరణలో వేపచెట్టు కింద పడేసి ఉంది, నల్లటి ఎముకల గూడులా. ఎవరమ్మా నువ్వు, నీ బండా అని కానిస్టేబులు కన్నడంలో అడిగాడు. కాదన్నాను, మా అన్న తరఫున వచ్చానన్నాను. ముందువైపు వంగి, బ్యాటరీ ఉండాల్సిన చోట కొంగుతో మసి రుద్దాను. ఒక్కో స్క్రూ రుద్దాను. ఇన్నేళ్ళూ ఆయన ఒక్కడే ఇలా వంగి ఎలా వెతికాడో ఆ రోజు తెలిసింది.

చింతామణిలో బస్సు దిగి నా అంగడికి పోలేదు. పక్కంగడి ముందు ఆగాను. దించిన షటరు మీద దుమ్ము పేరుకుని ఉంది. నా చేతులకింకా మసి ఉంది.

"లేదన్నా," అన్నాను. ఆ తర్వాతే మంచినీళ్ళు తాగాను.